కర్రు మోగే చోటు

పాత కలీనా ఊరి గురించి నేను విన్నదెంతో, ఏళ్ళ తరబడి తలుచుకుంటూ కలుపుకున్నదెంతో ఇప్పుడు విడదీయలేను. ఆ రాత్రి బండి లాగిన గుర్రం కుంటిదని మంత్రసాని పరాస్క అత్త చెప్పిందా, నేనే అనుకున్నానా? ఆ చోటుకు చెడ్డపేరుందన్నది మాత్రం నిజం. తుఫాను రాత్రుల్లో అక్కడ నాగటి కర్రు మోగుతుంది. ఆ మోతవైపు బండి తిప్పినవాడు తిరిగి రాడంటారు.

మా పెద్దలు ఉక్రెయిన్ నుంచి కెనడాలోని సస్కచ్వాన్ గడ్డిమైదానానికి వచ్చి కట్టుకున్న మొదటి ఊరది. గుడిగంట కొనే స్తోమత లేక గుంజకు కర్రు వేలాడదీశారు. మంచుతుఫాను పట్టినప్పుడల్లా వంతులవారీగా ఒకరు రాత్రంతా దాన్ని సుత్తితో కొట్టేవారు — దారి తప్పినవాళ్ళు వింటారని. తరువాతివాడు వచ్చి సుత్తి అందుకునేదాకా వంతు దిగకూడదు.

ఒక రాత్రి పరాస్క భర్త మక్సిమ్ వంతు. తరువాతివాడు గుంజ దాకా రాలేకపోయాడు. తెల్లవారేసరికి మక్సిమ్ నిలబడ్డచోటే బిగుసుకుపోయి ఉన్నాడు... సుత్తి చేతిలోనే ఉంది.

మరుసటేడు ఊరికి దూరంగా, దక్షిణాన రైలుదారి పడింది. ఇళ్ళను దుంగల మీదికెక్కించి, గుర్రాలతో మంచుమీద లాగించి, ఊరికి ఊరే పట్టాల పక్కకు చేరింది. సమాధులూ కర్రూ మిగిలాయి. సముద్రం అవతల ఒకసారి మా చనిపోయినవాళ్ళను వదిలి వచ్చాం. ఇక్కడ మళ్ళీ వదిలాం. ఆ కలత మాలో ఇంకా సద్దుమణగలేదు.

హ్నాత్ ఒక్కడే అక్కడి పొలం వదల్లేదు. ఆ చలికాలం అతని భార్య ఒలెనా కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. కొత్త ఊరి నుంచి మంత్రసాని పరాస్కను హ్నాత్ మంచుబండిలో తీసుకెళుతుంటే తుఫాను కమ్మింది. దారి కనబడకుండా పోయింది.

"నీ గుర్రానికున్న బుర్ర నీకుంటే పొద్దుండగానే వచ్చేవాడివి కదరా," అంది పరాస్క.

"తిట్టు అత్తా. తిడుతున్నంతసేపు నువ్వింకా గడ్డకట్టలేదని తెలుస్తుంది."

అప్పుడు... ఠంగ్.

చాలాసేపటికి మళ్ళీ — ఠంగ్.

హ్నాత్ కళ్ళేలు మోతకు ఎడంగా లాగాడు.

"అటే పోనీ," గుసగుసగా అంది పరాస్క.

"అత్తా, అది..."

"అదేంటో నాకు తెలుసు. అక్కణ్ణుంచి నీ పొలం కంచె పట్టుకుని ఇంటికి పోవచ్చు. ఒలెనా బతకాలా, వద్దా?"

తిప్పాడు. "గాలికి సుత్తి ఊగుతున్నట్టుంది," అన్నాడు ధైర్యం కోసం.

గుంజ చేరగానే మోత ఆగింది. హ్నాత్ చేయి చాచి తడిమాడు. సుత్తి లేదు. కర్రు మాత్రం — ఇంకా వణుకుతోంది.

"సుత్తి ఆనాడే నేను తెచ్చుకున్నానురా," అంది పరాస్క. "నా మంచం కింద ఉంది."

బండి దిగి, చీకటివైపు తిరిగి ఏదో అంది. తరువాత ఇద్దరూ కంచె తీగ తడుముకుంటూ ఇల్లు చేరారు. తల్లీ బిడ్డా బతికారు.

గుంజ పక్కన ఆమె అన్నది గాలిలో హ్నాత్‌కు వినబడలేదు. ముసలితనంలో నాకు చెప్పింది. దాన్ని కావాలనే ఇక్కడ రాయలేదు. అది భార్య భర్తతో అన్న మాట. ఒక్కటి మాత్రం చెప్పగలను. వంతు దిగిపొమ్మని ఆమె అనలేదు.

మొన్నటి తుఫానులోనూ కర్రు మోగింది.