రెండు దేశాల దీవి, రెండు చర్చిల పెళ్ళి

"ఏ దేశమండి?" అంది రోజలిన్.

"రెండండి," అన్నాడు మైఖేల్.

రోజలిన్ తల ఎత్తింది. మద్దిలపాలెంలో ట్రావెల్స్ ఆఫీసు ఆమెది. రోజూ ప్రపంచాన్ని అమ్ముతుంది. తను మాత్రం పక్కనున్న భీమిలి దాటలేదు.

"టికెట్ ఒక దేశానికే ఇస్తారు. సెయింట్ మార్టిన్ అన్నారు కదా, ఫ్రెంచా, డచ్చా?"

"దీవి ఒకటే మేడమ్. సగం ఆళ్ళది, సగం ఈళ్ళది. నాను ఓడెక్కేది డచ్చి పక్క. సేపల కూర తినేది ఫ్రెంచి పక్క."

"మరి బోర్డర్‌లో ఎవరాపుతారు?"

"ఎవలూ ఉండరు. రోడ్డు పక్కన ఒక రాయుంటాది, అంతే."

"జోకులు బయటెయ్యండి. నాకు పనుంది."

జోకు కాదు. మైఖేల్ టూరిస్టు ఓడలో వంటవాడు. ఫోన్ తీసి ఫొటో చూపించాడు. రాయి, దాని పక్కన మేక. మేక ముందుకాళ్ళు ఒక దేశంలో, వెనకకాళ్ళు ఇంకో దేశంలో ఉన్నాయి.

రోజలిన్ నవ్వింది. ఫొటో కంటే మనిషిని ఎక్కువసేపు చూసింది.

"ఈ నీళ్ళేటి, ఇంత నీలం?"

"ఇటు కరీబియన్. శాంతం. అటు అట్లాంటిక్. ఊరికే కోపం."

"మా అమ్మా, మా డాడీలాగ."

బయట వాన పట్టుకుంది. వాన తగ్గాక వెళ్తానన్నాడు. తగ్గి చాలాసేపైనా ఇద్దరూ గమనించలేదు.

ఆ సెలవంతా బార్బడోస్‌కి ఎంత, డొమినికాకి ఎంత అని అడుగుతూనే ఉన్నాడు. కొన్నది ఒక్క టికెట్టే. చివరికి అడగాల్సింది అడిగాడు. ఆమె పెళ్ళికి ఒప్పుకుంది. చిక్కు పెద్దవాళ్ళ దగ్గర వచ్చింది.

మైఖేల్ తండ్రి రిచర్డ్ ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. ఉక్కునగరంలో క్వార్టరు. క్యాథలిక్. రోజలిన్ తండ్రి జాన్‌బాబుకి గోపాలపట్నంలో బియ్యం కొట్టు. బాప్టిస్టు. ఇద్దరికీ దేవుడొక్కడే, తేడా బాప్తిస్మం నీళ్ళ దగ్గరే. ఒకరు నెత్తిన చల్లితే చాలంటారు, ఒకరు నిండా ముంచాలంటారు. సముద్రాలు దాటే కుర్రాడికి ఆ చెంబుడు నీళ్ళు దాటడం కష్టమైపోయింది.

"పెళ్ళి మా చర్చిలోనే," అన్నాడు రిచర్డ్.

"మా దాన్లోనే," అన్నాడు జాన్‌బాబు. "కుర్రాడికి మంగళవారం ఫ్లైటు. ఈలోగా తేల్లేదా, మా సంఘంలోనే ఇంకో సంబంధం ఉంది."

రోజలిన్ మైఖేల్ వైపు చూసింది. మైఖేల్ గొంతు సవరించుకున్నాడు.

"అంకుల్, ఆ దీవిని దెబ్బలాట లేకండా పంచుకున్నారంట. చెరో కొసనించి ఒకడు నడిసేడంట. ఎదురుపడిన కాడ హద్దు. అక్కడోళ్ళు సెప్పుకునీ కథ."

గొడవ వద్దని చెప్పబోయాడు. పెద్దవాళ్ళ చెవికి హద్దు ఒక్కటే ఎక్కింది.

"అయితే నడుద్దారి. నీ చర్చికాణ్ణించి నువ్వు, నా చర్చికాణ్ణించి నాను. ఎదురుపడిన కాడికి ఎవలెక్కువ నడిస్తే ఆళ్ళ చర్చిలో పెళ్ళి," అన్నాడు జాన్‌బాబు.

"కొట్లో కూకునీవోడివి. నీవల్ల కాదు బావా."

"క్రేన్‌లో కూకునీవోడివి. నీవల్లవుద్దేటి?"

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. దారిలో ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర రోజలిన్, మైఖేల్ కొబ్బరిబొండాలు పట్టుకుని నిలబడ్డారు. ఎండెక్కింది. బొండాలు వేడెక్కాయి. పెద్దమనుషులు రాలేదు.

"మా డాడీకి షుగరు," అంది రోజలిన్, ఏడుపుగొంతుతో.

ఆమె ఫోన్ మోగింది. జాన్‌బాబు గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"అమ్మా, ఉక్కునగరంలో ఆళ్ళ చర్చిలో ఉన్నాను. ముందు బెంచీలో కూకోబెట్టీసారు. లెగమంతన్నారు, కూకోమంతన్నారు, మోకాళ్ళెయ్యమంతన్నారు. నా మోకాళ్ళు పోయేయే!"

"అంత దూరం నడిసీసావా డాడీ?"

ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "సేర్ ఆటో," అన్నాడు.

ఇంతలో మైఖేల్ ఫోన్ మోగింది.

"ఒరే, గోపాలపట్నంలో ఈళ్ళు నన్నొగ్గట్లేదురా," అన్నాడు రిచర్డ్. "పాట కూడా పాడించీసారు. ఇప్పుడు బిర్యానీ అంతన్నారు. తినీమంతావా?"

"ఎలాగెళ్ళేవు నాన్నా?"

"మా పక్క క్వార్టరు సింహాద్రి బండి మీద."

బండి జంక్షన్ ఫ్లైఓవర్ పైనుంచి వెళ్ళింది, ఆటో కిందనుంచి మిగతా ఆటోల్లో కలిసి వెళ్ళింది. హద్దు గీయడానికి బయల్దేరిన ఇద్దరూ హద్దు దాటేశారు.

సాయంత్రం బియ్యం కొట్లో కూర్చున్నారు. నువ్వెలా వచ్చావని ఒకరినొకరు అడగలేదు. అడిగితే తిరిగి చెప్పాలి.

"ఇంతకీ ఎవలికెంతొచ్చింది?" అంది రోజలిన్.

పెద్దవాళ్ళిద్దరూ బియ్యం బస్తాలు చూస్తూ కూర్చున్నారు.

"కుర్రోడు మళ్ళీ సెలవుకొచ్చేక రెండు సోట్లా సేసీద్దాం బావా," అన్నాడు రిచర్డ్. "మీ బిర్యానీ బాగుంది."

"ఆటో సంగతి మా పాస్టర్ గారికి తెలీకూడదు మరి."

"బండి సంగతి మా ఫాదర్ గారికి తెలీకూడదు."

అలా ఆశీర్వాదం దొరికింది.

మంగళవారం ఎయిర్‌పోర్టు దగ్గర మళ్ళీ వాన. రోజలిన్, మైఖేల్ ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

"ఆ రాయికాడ కాపలా ఎందుకు లేదో తెలిసింది," అంది రోజలిన్.

"ఎందుకు?"

"కాపలావోళ్ళు ఆటోలో అవతలికి బిర్యానీకి ఎల్లిపోయుంటారు."