ఒకే పళ్లెంలో రెండు చెంచాలు

రత్నావతిని చూడటానికి వచ్చిన సీతారాం, రత్నావతిని తప్ప అన్నిటినీ చూశాడు. మెనూ కార్డు చూశాడు, పక్క బల్ల మీద పొగలు కక్కుతున్న గిన్నె చూశాడు, వంటింటి తలుపునైతే రెప్ప వెయ్యకుండా చూశాడు.

పెళ్లిచూపులు హోటల్లో పెట్టింది ఆమె తండ్రి కాంతయ్య. సంబంధం కుదరకముందు పిల్ల ఇంట్లో మెతుకు ముట్టకూడదని పెళ్లికొడుకు తల్లి చిన్నమ్మ పట్టుబట్టింది. బాగన్ దాతుక్ ఎస్టేటు నుంచి అంతదూరం వచ్చినవాళ్లను ఖాళీ కడుపుతో ఎలా పంపడమని, ఆయన ఇపో పట్నంలో కొత్తగా తెరిచిన ఎమిల్ హోటలుకు తీసుకొచ్చాడు. ఎమిల్‌ది అమెరికాలో లూసియానా. పినాంగు రేవులో ఓడ దిగి ఇక్కడే ఉండిపోయిన వంటవాడు. గొడ్డుమాంసం తగలకూడదని కాంతయ్య అతనికి ముందురోజే మూడుసార్లు చెప్పి వచ్చాడు.

రత్నావతి దిగులు వేరు. ఆమె టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేస్తోంది. ఇదివరకు వచ్చిన ఇద్దరూ ఉద్యోగం మానెయ్యమన్నారు. ఈసారి తనని అడక్కుండా ఎవరూ ఔననకూడదని తండ్రి దగ్గర మాట తీసుకుంది.

ముందు గంబో వచ్చింది. బెండకాయలు, రొయ్యలు వేసిన చిక్కటి పులుసు. పాపం, చింతపండు వెయ్యడం మరిచిపోయాడని చిన్నమ్మ తేల్చింది. సీతారాం మాత్రం గిన్నె ఖాళీ చేసి, తల్లి గిన్నె వైపు చూశాడు.

పెద్దవాళ్లు వచ్చేనెల మెర్దెకా నాడు, అంటే దేశానికి స్వతంత్రం వచ్చే రోజున, ఊరంతా పెట్టబోయే దీపాల కబుర్లలో పడ్డారు. రత్నావతి గొంతు తగ్గించింది.

"పిల్లని సూడ్డానికొచ్చినారా, పులుసు సూడ్డానికా?"

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. "పొద్దున్నుంచి ఏటీ తినలేదండి. అమ్మ కట్టిన అన్నం చెక్‌పోస్టులో సోల్జర్లు తీసేసుకున్నారు. అడివిలో కమ్యూనిస్టులకి పట్టుకెళ్తన్నామని అనుమానం."

"మీ మొహం సూసి అనుమానం వచ్చినాదా?"

"కేరియర్ సూసి. అయిదు గిన్నెలు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వకూడదని కూడా అనుకుంది.

అంతలో ఎమిల్ పెద్ద పళ్లెం తెచ్చి సరిగ్గా వాళ్లిద్దరి మధ్య పెట్టాడు. రొయ్యలు, టమాటాలు వేసి కలిపి వండిన ఎర్రటి అన్నం. దాన్ని జంబలాయా అంటారట. పళ్లెం ఒకటే, చెంచాలు రెండు. రత్నావతి కావాలనే ముందు చెంచా వేసింది. అతనూ వేశాడు. మూడోసారి ఇద్దరి చెంచాలూ ఒకే రొయ్య మీద పడి టంగుమన్నాయి.

చిన్నమ్మ చెంచా గాల్లో ఆగిపోయింది. "బువ్వంబంతి," అంది.

తాళి కట్టాక కొత్త దంపతులు ఒకే పళ్లెంలో తినే బంతి అది. పళ్లెం పంచుకున్నాక ఇంక పిల్లని ఇంకొకరికి ఎలా చూపిస్తారని, ముహూర్తం పెట్టుకోవడమే మిగిలిందని చిన్నమ్మ అంటూ ఉంటే, కాంతయ్య తల అప్పుడే సగం ఊగింది. రత్నావతి తండ్రి వైపు చూసింది. తనను అడగనేలేదు.

సీతారాం చెంచా కింద పెట్టాడు.

"ఇది బంతి కాదమ్మా. బంతిలో సేత్తో తింటారు, మేం సెంచాలతో తిన్నాం. ఆ అమ్మాయి ఇంకా ఏటీ సెప్పలేదు."

చిన్నమ్మకు ఆ న్యాయం అర్థమైంది, నచ్చలేదు.

రత్నావతి అతన్ని అప్పుడు చూసింది, నిజంగా. తప్పించుకోవడానికి దారి ఇచ్చి, ఆ దారికి అడ్డం రాకుండా కూర్చున్నాడు.

"నేను ఉద్యోగం మాన్ను," అంది.

"మానొద్దు. మా ఎస్టేటు ఆఫీసు నుంచి నేను ట్రంకు కాల్ అడిగితే లైన్లో ఉండమనే గొంతు మీదే. ఎక్స్‌ఛేంజిలో పిల్ల అన్నారుగదా, మీరే అవాలని మొక్కుకుంటూ వచ్చినాను. మా కంపెనీ ఇపో ఆఫీసుకి బదిలీ అడిగి మూణ్ణెల్లయింది."

"ఎందుకు?"

"లైన్లో ఉండి ఉండి విసుగొచ్చింది."

రత్నావతి లేచి వెళ్లిపోయింది. కాంతయ్య మొహం పాలిపోయింది. సీతారాం పళ్లెం వైపు చూడటం కూడా మానేశాడు.

ఆమె తడిచేత్తో తిరిగి వచ్చింది. తన చెంచా పక్కకు జరిపి, ఎర్రన్నం వేళ్లతో కలిపి ఒక ముద్ద తిన్నది. ఆ రొయ్యను అతని వైపుకు నెట్టింది.

"సేత్తో తినండి మరి. సల్లారిపోతంది."

చెయ్యి కడుక్కోవడానికి అతను లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడిపోయింది.