ఎవరికి ఏ మందో ఆమెకే తెలుసు

ఉద్యోగంలో చేరిన మొదటి ఉదయం నేను చేయాల్సిన పనులు ఇవి. గుర్తింపు కార్డు తీసుకోవాలి. డాక్టరమ్మగారికి కనబడాలి. అండదానం చేసినవాళ్ళకి ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్నలు కంఠతా పట్టాలి. ఫోన్ చార్జింగ్ పెట్టుకోవాలి. మందుల గది వైపు పోకూడదు.

చివరిది తప్ప అన్నీ చేశాను. చార్జర్‌కి ప్లగ్ పాయింట్ వెతుక్కుంటూ ఏదో తలుపు తోశాను.

“కళ్ళు మూసుకోండి” అంది లోపలి నుంచి ఓ గొంతు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. చెప్పిన మాట వినబట్టే వచ్చింది. మూసుకున్నాను.

“ఎవరు మీరు?”

“కొత్తగా చేరానండి. దాతలకి ఫోన్లు చేసేది నేనే. ప్లగ్ పాయింట్ కోసం...”

“అయ్యో రామా. ఎవరొచ్చినా పర్లేదు గానీ మీరు మాత్రం ఈ గదిలోకి రాకూడదండీ. బల్ల మీద ఏమైనా చూశారా?”

“ఏమీ చూడలేదు. మిమ్మల్ని కూడా చూడలేదు.”

“మంచిది. అలాగే ఉండండి.”

నా మెడలోని కార్డు టేపు పట్టుకుని దూడని తోలుకెళ్ళినట్టు నడిపించింది. గుమ్మం నా నుదుటికి ఠపీమని తగిలింది.

“సారీ. తల వంచమనడం మర్చిపోయాను.”

తలుపు మూసుకుంది. అవతల ఆమె నవ్వు ఆపుకోలేకపోతోందని ఇవతలికీ తెలిసింది.

తర్వాత డాక్టరమ్మగారు నన్ను కూర్చోబెట్టి అంతా వివరించారు. పిల్లలు కలగని దంపతుల కోసం తమ అండాలు ఇచ్చే స్త్రీలుంటారు. అండాలు తీసే ముందు వాళ్ళకి చివరగా ఒక ఇంజెక్షన్ చేస్తారు. దాని తర్వాత కొందరికి కడుపు ఉబ్బిపోతుంది, ఆయాసం వస్తుంది. కొత్త మందుతో ఆ బాధ తగ్గుతుందా అన్నదే మా పరిశోధన. సగం మందికి పాతది, సగం మందికి కొత్తది. ఎవరికి ఏది వెళ్ళిందో మందు సిద్ధం చేసే ఫార్మసిస్ట్‌కి తప్ప ఎవరికీ తెలియకూడదు. బాధ ఎలా ఉందని ఫోన్లో అడిగే నాకైతే అసలు తెలియకూడదు.

ఆ ఫార్మసిస్టే ఆ గొంతు గల అమ్మాయి. మధ్యాహ్నం క్యాంటీన్లో కళ్ళు తెరుచుకునే చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆ రోజు మళ్ళీ ప్రశ్నలన్నీ మొదటి నుంచి కంఠతా పట్టాల్సి వచ్చింది.

ఆమెతో రెండు మాటలు మాట్లాడాలి. అది తప్ప నాకు వేరే కోరిక లేకపోయింది. కానీ నాకు తెలిసిన కబుర్లన్నీ ఫోన్ కబుర్లే.

“నిన్న ఒకావిడతో మాట్లాడానండి. పాపం, రాత్రంతా కడుపు పట్టేసిందట...”

ఆమె సగం టీ వదిలేసి లేచింది. “నాకు పనుంది.”

మర్నాడూ అంతే. ఆ మర్నాడు నన్ను చూసి దారే మార్చింది. పెద్ద నర్సు, మేమంతా సిస్టరక్క అంటాం, నా పక్కన కూర్చుంది.

“ఏం ఫోన్ బాబూ, మా పిల్లని ఏమన్నావు?”

“ఏమీ అనలేదక్కా. అననివ్వడం లేదు.”

“అందరితో కబుర్లే. నిన్ను చూస్తేనే గోడ చూస్తోంది.”

“గోడకున్న అదృష్టం నాకు లేదక్కా.”

ఉండబట్టలేక ఒకరోజు వరండాలో ఎదురెళ్ళాను.

“నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా అండీ?”

“లేదు.” ఆమె మంటలార్పే బకెట్ వైపు చూస్తోంది. “ఈ పని అయ్యేదాకా మీరు నాతో మాట్లాడకపోతే మంచిది.”

పని అయితే నా కాంట్రాక్టూ అయిపోతుంది. అంటే ఎప్పటికీ వద్దని మర్యాదగా చెప్పిందనుకున్నాను. నా మాట తీరు నచ్చలేదో, ఇస్త్రీ లేని చొక్కా నచ్చలేదో. మనసు చివుక్కుమంది. ఆ మధ్యాహ్నం ఫోన్లన్నీ మాత్రం మానకుండా చేశాను.

నెలలు గడిచి, ఎవరికి ఏ మందు వెళ్ళిందో అందరికీ చెప్పే రోజు, కోడ్ విప్పే రోజు, వచ్చింది. మీటింగ్ గదిలో అందరం చేరాం. లెక్కలు కట్టే ఆయన తెర మీద ఒక్కొక్కటే చూపించాడు. పాత మందు తీసుకున్నవాళ్ళలో కొందరు కడుపు ఉబ్బి ఆసుపత్రిలో చేరారు. కొత్త మందు తీసుకున్నవాళ్ళలో ఒక్కరూ చేరలేదు. తీసిన అండాల్లో తేడా లేదు.

డాక్టరమ్మగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకోవడం మర్చిపోయారు. సిస్టరక్క నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. గదంతా చప్పట్లు. ఆ సందడిలో ఒక్కరే తెర వైపు కాకుండా నా వైపు చూస్తున్నారు.

బయట వాన దంచుతోంది. పోర్టికోలో నిలబడితే ఆమె వెనకే వచ్చింది.

“ఫోన్ బాబుగారూ. నా మొహం చూడండి. ఇప్పుడు చూడొచ్చు.”

“ఇన్నాళ్ళూ చూడకూడదా?”

“నా మొహంలో ఏదీ దాగదండీ. మీరొచ్చి ఫలానా ఆవిడకి కడుపు నొప్పి అంటారు. ఆవిడకి ఏ మందు పంపానో నాకు గుర్తుంటుంది. నా మొహం చూస్తే మీకు తెలిసిపోదూ? మర్నాడు మీరు జాలిగా అడుగుతారు, ఆవిడ జాలిగా చెబుతుంది. అందరి కష్టం నీళ్ళపాలు.”

“ఆ మాటే చెప్పొచ్చుగా.”

“చెబితే అదే పనిగా నా మొహం చూసేవారు.”

“చెప్పకపోయినా చూశానండి.”

“తెలుసు. సిస్టరక్క రోజూ రిపోర్ట్ ఇచ్చేది.”

ధైర్యం కూడగట్టుకున్నాను. “ఒకటి అడగొచ్చా?”

“పెళ్ళి మాటైతే ముందు నేనొకటి చెప్పాలి.”

“టీకి వస్తారా అని అడగబోయానండి.”

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. నిజమే, ఆ మొహంలో ఏదీ దాగదు.

“టీ వద్దు, ఆ మాటే అడుగుతాను” అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆమె వాళ్ళమ్మ కడుపునే పుట్టింది. అండం మాత్రం ఇంకొకరిచ్చింది. ఎవరో తెలియదు. అమ్మానాన్నా ఏనాడూ దాచలేదు. “మీ ఇంట్లో కూడా దాచను. నేనే చెబుతాను. వాళ్ళు వద్దంటే నేను మీకు సరే అనలేను.”

ఆదివారం ఉదయం మా ఇంటికి వచ్చింది. అమ్మ కుట్టుమిషన్ ఆపింది. నాన్న పేపర్ మడిచాడు. నిలబడే అంతా చెప్పింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. “అంటే... ఆ ఇచ్చినావిడ వాళ్ళు ఎలాంటివాళ్ళో ఏంటో...”

“మీవాళ్ళు ఎలాంటివాళ్ళో తెలిసేగా మీ తమ్ముడి గడప తొక్కడం మానేశారు” అంది అమ్మ. “మీరుండండి.”

నాన్న పేపర్ మళ్ళీ విప్పాడు. అమ్మ ఆ అమ్మాయి వైపు తిరిగింది.

“ఆ ఇచ్చినావిడకి బాగా నొప్పెట్టిందా అమ్మా?”

అంతవరకూ తడబడకుండా చెప్పిన మనిషికి కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట.

“తెలియదండీ. ఆమెని అడగలేను. అందుకే ఈ పనిలో చేరాను.”

“ఇప్పుడిచ్చేవాళ్ళకి తగ్గిందిగా?”

“తగ్గింది.”

“మరింకేం.” అమ్మ కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. “ఒరేయ్, గుడ్లప్పగించి చూస్తావేంరా. నా కోడలికి కుర్చీ వెయ్యి.”

నాన్న పేపర్ వెనక నుంచి, “ఆ విరిగింది కాకుండా మంచిది వెయ్యరా” అన్నాడు. అది మా నాన్న ఆశీర్వాదం.

మా పెళ్ళైంది. మేం సుఖంగా ఉన్నాం. ఈ కథ చదివినవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. కొత్త మందు రాక ముందు, ఎక్కడో ఒకావిడ ఒక ఉదయం ఆసుపత్రికి వచ్చి, తాను చూడబోని బిడ్డ కోసం సూదులు పొడిపించుకుని, పొట్ట పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఎలా ఉన్నావని ఫోన్ చేసినవాళ్ళు లేరు. మీరు ఆమెని గుర్తుపెట్టుకోండి.