తారీకు ముద్ర

అమ్మ రోజూ పొద్దున్నే పొయ్యి వెలిగించకముందే గోడ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి నిన్నటి కాగితం చింపుతుంది. చింపినదాన్ని నాలుగు మడతలు పెట్టి కుట్టుమిషను సొరుగులో పడేస్తుంది. ఆ సోమవారం కూడా అలాగే చేసింది. కొత్త కాగితం కింది మూలలో పెన్సిలుతో సన్నగా రాసిన అంకె కనబడింది. నాలుగు.

నిన్న అయిదు. మొన్న ఆరు. ఆ అంకెలు నాన్న రాసినవని గువ్వకి తెలుసు. ఏడుకి నడుమ అడ్డగీత పెట్టేది ఇంట్లో ఆయన ఒక్కడే. ఎందుకు రాస్తున్నాడో మాత్రం తెలియదు. ఒకసారి అడిగితే "లిఫ్టుల సర్వీసు లెక్కలేవే" అని అటు తిరిగిపోయాడు.

గువ్వ అన్నది నాన్నమ్మ పెట్టిన పేరు. ఇంటికి ఎవరైనా వస్తే మూలకి ఒదిగిపోతుందని అలా పిలిచింది. పదిహేడేళ్ళు వచ్చినా ఆ పేరూ పోలేదు, ఆ ఒదిగిపోవడమూ పోలేదు.

వీధి గంట మోగింది.

అమ్మ చేతిలో అగ్గిపెట్టె ఆగిపోయింది. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తున్న నాన్న ఉన్నచోటే నిలబడిపోయాడు. అమ్మ చప్పుడు కాకుండా కిటికీ దగ్గరికి నడిచి, తెరని వేలెడంత పక్కకి జరిపి చూసింది.

"గ్యాసతను," అంది ఊపిరి వదిలి.

చెవిటి నాన్నమ్మకి గంట వినబడలేదు కానీ ఈ తతంగమంతా కనబడింది. "గ్యాసతనికే ఇంత తనిఖీ అయితే, రేపు గువ్వకి పెళ్ళివాళ్ళొస్తే వేలిముద్రలు తీసుకుంటార్రా?" అంది. ఎవరూ నవ్వలేదు.

మూడేళ్ళుగా ఇంట్లో ఇదే వరస. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే నాన్న అది మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చుంటాడు. ఖాకీ రంగు కవరు వస్తే అమ్మ దాన్ని పిండి డబ్బా కింద రెండు రోజులు పెట్టి, ధైర్యం చిక్కాక విప్పుతుంది. నాన్న లిఫ్టు మెకానిక్. అయినా లిఫ్టు ఎక్కడు. పనిముట్ల సంచీ మోసుకుంటూ ఆరేడు అంతస్తులు మెట్ల మీదే ఎక్కుతాడు. రోజంతా లిఫ్టులు చూసి విసుగొచ్చిందేమో అనుకునేది గువ్వ.

ఆ రోజు కాలేజీకి వెళ్తూ, పరీక్ష దరఖాస్తు రిజిస్టరు చెయ్యడానికి పోస్టాఫీసులో ఆగింది. గుమ్మం దగ్గర కాలు తట్టుకుని తూలింది.

"చూసుకుని, చూసుకుని తల్లీ! నాలాగా కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడవకు!"

కౌంటరు వెనకనుంచి అరిచింది ఉత్తరాలమ్మ. ఒకప్పుడు సంచీ భుజాన వేసుకుని ఆ పేటంతా నడిచి ఉత్తరాలు పంచిన మనిషి. ఇప్పుడు ఎడమకాలు మోకాలి దగ్గర వంగదు. చేతికర్ర కౌంటరు అంచుకి వేలాడదీసి, స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంటుంది. గువ్వ వెళ్ళేసరికి తారీకు ముద్రలో అంకెలు మారుస్తోంది. చిన్న పట్టకారుతో శనివారం నాటి పదకొండుని తీసి పదమూడుని కూర్చింది.

"మీ కాలికి ఏమయిందండీ?" గువ్వ నోట ఆ మాట ఎలా వచ్చిందో దానికే తెలియదు. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని పిల్ల.

"గడియారం మేడ లేదూ? అక్కడ మూడో అంతస్తులో ఉత్తరం ఇచ్చి, కిందికి దిగుదామని లిఫ్టు తలుపు తీశాను. తలుపు వచ్చింది. అడుగు వేశాను. లోపల లిఫ్టు లేదు." ఆవిడ నవ్వింది. "పై అంతస్తులో ఉందట మహారాణి."

"లిఫ్టు లేకపోతే తలుపు రాకూడదు కదండీ? తాళం పడి ఉంటుంది," అంది గువ్వ. మెకానిక్ కూతురికి ఆ మాత్రం తెలుసు.

"నేనూ అదే అన్నాను. ఏం లాభం? మూడు రోజుల ముందే, పద్నాలుగో తారీకున, మెకానిక్ వచ్చి తాళం సరిచూసి సంతకం పెట్టాడని మేడవాళ్ళు సర్వీసు కార్డు చూపించారు. వకీలు కూడా అది చూసి, 'నువ్వే తలుపు బలవంతంగా గుంజి ఉంటావమ్మా, కేసు నిలబడదు' అన్నాడు. గుంజానేమో మరి. ఆ తలుపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. తీస్తూనే ఉంటాను. గట్టిగా లాగానా, మెల్లిగా లాగానా అని." ముద్రని సిరా దిమ్మ మీద ఒత్తింది. "ఈ శుక్రవారంతో మూడేళ్ళు నిండుతాయి. ఆ తరవాత కేసు వేద్దామన్నా గడువు ఉండదట. పోనీలే. నా తప్పుకి ఇంకొకర్ని ఆడిపోసుకోవడమెందుకు?"

ముద్ర దరఖాస్తు కవరు మీద ఠప్పున పడింది. గువ్వ ఉలిక్కిపడింది.

శుక్రవారానికి ఇంకా నాలుగు రోజులు. క్యాలెండరు మీద నాలుగు.

గడియారం మేడ లిఫ్టు అప్పట్లో చూసుకునేది నాన్నే. మూడేళ్ళ కిందటి ఆ పద్నాలుగో తారీకు కూడా గువ్వకి బాగా గుర్తుంది. ఆ రోజు బళ్ళో దానికి వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చింది. నాన్న పని మానుకుని వచ్చి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముందు వరసలో కూర్చున్నాడు. వేదిక మీద కూతురి పక్కన నిలబడి ఫోటో దిగాడు. వాళ్ళ వెనక గుడ్డ మీద తారీకు ఇంత పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ ఫోటో ముందు గదిలో నెల రోజులు కూడా వేలాడలేదు. అద్దం పగిలిందని తీసేశారు. గోడ మీద దాని చోటు ఇంకా తెల్లగానే ఉంది.

గువ్వ కాలేజీకి వెళ్ళలేదు. కాళ్ళు వాటంతటవే ఇంటికి నడిచాయి.

అమ్మ పెరట్లో ఉంది. గువ్వ అమ్మ పెట్టె తెరిచింది. బడిపిల్లల యూనిఫాం గుడ్డల తానుల కింద, పాత దుప్పటిలో చుట్టి ఉంది ఫోటో. అద్దానికి చిన్న బీట కూడా లేదు.

"ఎవరు తియ్యమన్నారు దాన్ని?"

గుమ్మంలో అమ్మ. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాన్న ఆ రోజు నాతో ఉన్నాడు కదమ్మా. మరి కార్డు మీద సంతకం ఎవరు పెట్టారు?"

అమ్మ వచ్చి కూతురి నోరు అరచేత్తో మూసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన నాన్న, బల్ల మీద ఫోటోని చూడగానే సంచీ కింద పెట్టేశాడు. ఆ తరవాత ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"నా ఒక్కడికి నలభై లిఫ్టులు ఇచ్చారే. అన్నిటికీ నెలనెలా తిరగడం ఎవడి తరమూ కాదు. అందుకని ఈ నెల వెళ్ళినప్పుడే కార్డులో పై నెల గడిలో కూడా తారీకు వేసి సంతకం గీకేసేవాళ్ళం. అందరం అంతే. అడ్వాన్సు సంతకం అని నవ్వుకునేవాళ్ళం కూడా. ఆ మేడకి పద్నాలుగు అని వేశాను. వెళ్ళి చూడాలనే అనుకున్నాను."

"నా బహుమతి వల్ల వెళ్ళలేదా?" అంది గువ్వ.

"కాదు తల్లీ. నీ బహుమతి ఒక్క రోజు. పదిహేనున వెళ్ళచ్చు, వెళ్ళలేదు. పదహారున వెళ్ళచ్చు, వెళ్ళలేదు. పదిహేడున ఆవిడ పడింది."

"ఇంక చాలు, ఆపండి!" అంది అమ్మ. "నాలుగు రోజులు. నోరు మూసుకుని కూర్చుంటే నాలుగు రోజులు. మూడేళ్ళు దాటితే దావా ఉండదు, పోలీసు కేసూ ఉండదని వదిన చెప్పింది కదా. ఇన్నాళ్ళు ఓర్చుకుని ఇప్పుడు ఈ పిల్ల..."

గంట మోగింది.

ముగ్గురూ బిగుసుకుపోయారు. అమ్మ కిటికీ దాకా వెళ్ళి, తెర జరిపి, గడియ తీసింది. అత్త. నాన్నకి అక్క. వకీలు ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా టైపు కొడుతోంది. పనివేళలో ఎప్పుడూ రాదు. చెప్పులతోనే లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"తమ్ముడూ, నీ కొంప నేనే ముంచాన్రా."

"ఏమయిందక్కా? ఆవిడ కేసు వేసిందా?"

"లేదు. ఇవాళ ఇంకో కేసు కాగితం టైపు కొట్టాను. అందులో ఉంది. ఎవరైనా మోసంతో నిజం దాచిపెడితే, దావాకి ఆ మూడేళ్ళు అసలు మొదలే కావుట. అవతలి మనిషికి నిజం తెలిసిన రోజు నుంచి లెక్కట. వకీలు గారిని ఊరికే అడిగినట్టు అడిగాను. అంతే కదమ్మా అన్నాడాయన. పోలీసు కేసు సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు."

నాన్న గోడ క్యాలెండరు వైపు చూశాడు. "అంటే నేను లెక్కపెట్టిన రోజులన్నీ?"

"ఒక్కటి కూడా లెక్కలోకి రాదురా."

గోడ గడియారం చప్పుడు గదిలో పెద్దదైపోయింది. శుక్రవారం అనేది ఇంక లేదు. పై శుక్రవారమూ లేదు. ఈ గంట, ఈ తెర, పిండి డబ్బా కింద ఈ కవర్లు, అన్నీ ఇలాగే ఉంటాయి. నాన్న ముసలివాడయ్యేదాకా ఉంటాయి.

అమ్మ హఠాత్తుగా కదిలింది. ఫోటోని పటంలోంచి లాగి, అగ్గిపుల్ల గీసింది. "అయితే ఆవిడకి ఎప్పటికీ తెలియకూడదు. ఇది ఉంటేనే కదా తెలిసేది?"

"ఆవిడ కలలో ఆ తలుపు తీస్తోందమ్మా!"

అది అరుపు. గువ్వ అరవగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నాన్నమ్మ కూడా తలెత్తింది.

"గట్టిగా లాగానా, మెల్లిగా లాగానా అని కలలో కూడా అదే వెతుక్కుంటోందట. తన తప్పే అనుకుంటోంది. చూసుకుని నడవమని నాకు జాగ్రత్త చెప్పింది. నాకు!"

అగ్గిపుల్ల కాలుతూ వచ్చి అమ్మ వేలిని చురుక్కుమనిపించింది. అమ్మ పుల్లని వదిలేసి, ఆ వేలు నోట్లో పెట్టుకుని నేల మీద చతికిలబడి ఏడ్చింది. "నాకేం సరదానా? మిమ్మల్ని జైల్లో పెడితే నేనేం చెయ్యను? పిల్లనీ మీ అమ్మనీ పెట్టుకుని నేనేం చెయ్యను?"

నాన్నమ్మ మంచం మీద నుంచే కొడుకు వైపు తిరిగింది. "నాకు చెవులే లేవురా. కళ్ళు బానే ఉన్నాయి. మూడేళ్ళనుంచి మెట్లెక్కుతున్నావు. ఇంకా ఎన్నేళ్ళెక్కుతావు? నా మోకాళ్ళకంటే నీవే ముందు పోయేట్టున్నాయి."

నాన్న భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. కాలిన వేలిని చేతిలోకి తీసుకుని ఊదాడు. "నాకు భయంగానే ఉందే," అన్నాడు. "కానీ ఈ భయంతో ఇంకో మూడేళ్ళు నావల్ల కాదు." ఆ తరవాత గువ్వ నోటుపుస్తకంలోంచి ఒక కాగితం అడిగి తీసుకున్నాడు.

మంగళవారం పొద్దున తండ్రీకూతుళ్ళు ఇద్దరూ బయల్దేరారు. అమ్మ గది తలుపు వేసుకుని ఉండిపోయింది. దారిలో నాన్న రెండుసార్లు ఆగాడు. రెండోసారి గువ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తడిగా ఉంది.

పోస్టాఫీసులో ఇంకా ఎవరూ లేరు. ఉత్తరాలమ్మ ముద్రలోంచి పదమూడుని తీసి పద్నాలుగుని పెడుతోంది.

"ఏంటి తల్లీ, మళ్ళీ దరఖాస్తేనా? ఈయన మీ నాన్నగారా?"

నాన్న కాగితం కౌంటరు మీద పెట్టాడు. నాలుగే వాక్యాలు. కార్డు మీద సంతకం తనదేనని, ఆ రోజు లిఫ్టు దగ్గరికి వెళ్ళనే లేదని, తాళం చూడనే లేదని, సంతకం ముందు నెలలోనే పెట్టానని. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఎవరో నా బాధ చూడలేక రాసినట్టుంది," అంది కటువుగా. "మూడేళ్ళ తరవాత ఎలా నమ్మమంటారు?"

అప్పుడు వెనక గుమ్మం దగ్గర రొప్పు వినబడింది. అమ్మ. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి గువ్వ పాత చెప్పు. లోపలికి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా ఫోటోని కౌంటరు మీద పెట్టింది.

"ఆ రోజు ఈయన మా అమ్మాయి బళ్ళో ఉన్నారండీ. వెనక గుడ్డ మీద తారీకు చూడండి. నేనే దాచాను."

ఉత్తరాలమ్మ ఫోటో మీద తారీకుని వేలితో తడిమింది.

"అయితే నేను గుంజలేదన్నమాట," అంది. "మామూలుగానే తీశానన్నమాట."

"మామూలుగానే తీశారండీ," అన్నాడు నాన్న. "తాళం పాడైంది. నేను చూసుంటే తెలిసేది."

ఆవిడ ఏడ్చింది. కళ్ళజోడు తీయకుండానే, నిటారుగా కూర్చునే ఏడ్చింది. గువ్వ కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. ఆ ఏడుపు ఎప్పుడు కోపంగా మారుతుందోనని ఆవిడ మొహమే చూస్తోంది.

"కేసు వేస్తానో, వెయ్యనో ఇప్పుడు చెప్పను," అంది ఆవిడ చివరికి. "అడగడానికి కూడా రాకండి. మూడేళ్ళు నేను నన్నే తిట్టుకున్నాను. ఇంక కొన్నాళ్ళు మిమ్మల్ని తిట్టుకోనివ్వండి."

"అలాగేనండీ."

నాన్న రాసిన కాగితాన్ని ఆవిడ సర్ది, ముద్ర ఎత్తి ఠప్పున కొట్టింది. పద్నాలుగు. "నాకు తెలిసింది ఈ రోజు," అంది. కాగితాన్నీ ఫోటోనీ సొరుగులో పెట్టి తాళం వేసుకుంది. వాళ్ళు గుమ్మం దాకా వెళ్ళాక, వెనకనుంచి గొంతు వినబడింది. "అమ్మాయీ, నువ్వు మాత్రం రావచ్చు. దరఖాస్తులుంటే."

మర్నాడు పొద్దున అమ్మ క్యాలెండరు కాగితం చింపింది. కింద రెండు అని ఉంది. నాన్న రబ్బరు తెచ్చి ఆ అంకెని చెరిపాడు. తరవాత రోజుల కాగితాలు ఎత్తి, ఒకటినీ సున్నానీ కూడా చెరిపాడు.

వీధి గంట మోగింది.

అమ్మ అలవాటుగా కిటికీ వైపు కదలబోయి ఆగింది. నాన్న రబ్బరు కింద పెట్టి తలుపు దగ్గరికి నడిచాడు.

అందరి మొహాలూ చూసి నాన్నమ్మ అడిగింది. "ఎవర్రా వచ్చింది?"

"తెలియదమ్మా," అన్నాడు నాన్న గట్టిగా, ఆవిడకి వినబడేట్టు. "తీస్తే తెలుస్తుంది."

గడియ తీశాడు.