ఎరల్ లెకీ చావును ఎవరు దొంగిలించారు?

గ్లెనిస్ ఓర్డ్ కూర్చోలేదు. ఆఫీసు తలుపు దగ్గరే నిలబడి, వానకు తడిసిన టోపీని రెండు చేతులతో మెలిపెడుతూ అంది:

"ఒక మనిషి చావును ఎవరో దొంగిలించారు. రేపు పొద్దుటికల్లా మీరు వెతికి పెట్టాలి."

డెస్ మాబట్ కంప్యూటరు మీంచి తలెత్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళు పాల ట్యాంకరు నడిపి, నడుము పాడయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ నెరిడా టక్‌వెల్ దగ్గర పనికి చేరాడు. ఈ ఆరేళ్ళలో తప్పిపోయిన పశువులు, దొంగ బీమాలు, ఇల్లు వదిలి పారిపోయిన మొగుళ్ళు, అన్నీ చూశాడు. ఇలాంటి ఫిర్యాదు మాత్రం వినలేదు.

నెరిడా కళ్ళజోడు తుడుచుకుంది. "ఎవరి చావు?"

"ఎరల్ లెకీది. మా పక్క డెయిరీ ఆయన."

డెస్‌కి ఆ ఇల్లు తెలుసు. రోజు విడిచి రోజు అక్కడ పాలు ఎత్తుకునేవాడు. ఎరల్‌కి నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు వచ్చిందనీ, రెండేళ్ళుగా కుర్చీలోనే ఉన్నాడనీ విన్నాడు.

"ఇద్దరు డాక్టర్లు చూశారు. కాగితాలన్నీ అయ్యాయి, మందు తాగి తనంతట తాను పోవడానికి చట్టప్రకారం అనుమతి వచ్చింది," అంది గ్లెనిస్. "పోయిన నెల మెల్‌బోర్న్ నుంచి ఫార్మసీ వాళ్ళే మందు తెచ్చి, ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసి ఇచ్చారు. ఈ శుక్రవారం పదింటికని ఎరల్ పెట్టుకున్నాడు. మందు మిగిలితే తిరిగి అప్పగించే పూచీ నాది. సంతకం పెట్టాను."

"ఇప్పుడు మందు లేదా?"

"సీసా ఉంది. నిన్న ఓసారి సరిచూడమన్నాడు. తాళం తీస్తే మూత సీలు తెగి ఉంది. లోపల తెల్ల పొడి. ఎరల్ వాసన చూసి నవ్వాడు. ఆ నవ్వు మీరు వినలేదు కాబట్టి బతికిపోయారు. దూడలకు కలిపే పాలపొడి అన్నాడు."

డెస్‌కి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఇంటిల్లిపాదినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, అందరి దగ్గరా సెలవు తీసుకుని, ఆ మనిషి దూడపాలు తాగి చావు కోసం ఎదురుచూసేవాడు.

"ఫార్మసీ వాళ్ళేమన్నారు?"

"పోయింది మొత్తం దొరికితే మార్చి ఇస్తామన్నారు. రేపు పొద్దుటిదాకా ఆగుతారట. దొరక్కపోతే పోలీసులు, విచారణ, ఎన్ని వారాలో. ఆయనకన్ని వారాలు లేవు. నీళ్ళు కూడా చెంచాతో మింగుతున్నాడు, గొంతు ఇంకో పది రోజులు పనిచేస్తే గొప్ప. ఈ అనుమతి ఉన్నది తన చేత్తో తాగడానికే. మింగలేకపోతే మళ్ళీ కొత్త కాగితాలు. ఈలోగా ఊపిరాడక గిలగిల్లాడి పోతాడు. వాళ్ళన్న అలాగే పోయాడు, ఇదే జబ్బుతో. దగ్గరుండి చూశాడు."

నెరిడా అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

* * *

ఆగస్టు వాన ఆగడంలేదు. లెకీ వాళ్ళ గడ్డిమైదానాలు బురదయ్యాయి. ఈనికల కాలం కావడంతో తల్లుల నుంచి విడదీసిన దూడలు ఒకవైపు, వాటి తల్లులు మరోవైపు నిలబడి అరుస్తున్నాయి. ఆ అరుపుల్లో ఎవరికీ మనసు నిలవదు. డెస్‌కి కారు దిగిన దగ్గర్నుంచీ కాలు ఒకచోట ఆగలేదు.

వంటింట్లో ఎరల్ భార్య మోయా బంగాళాదుంపలు చెక్కుతోంది. చెక్కుతో పాటు సగం దుంప కూడా పోతోంది.

"నేనే చేశానని అనుకుంటున్నారు కదూ?" అంది తలెత్తకుండా. "చర్చికి వెళ్ళేదాన్ని నేనొక్కదాన్నేగా ఈ ఇంట్లో."

"మీకు ఇష్టంలేదని విన్నాను," అంది నెరిడా.

"లేదు. దేవుడిచ్చింది దేవుడే తీసుకోవాలి. రోజూ ఆయన మొహమ్మీదే చెప్తున్నాను. నలభై ఆరేళ్ళ నుంచి ఏదైనా మొహమ్మీదే చెప్తున్నాను. చాటుగా చేసే ఖర్మ నాకేంటి?"

"తాళంచెవి ఎక్కడుంటుంది?"

"ఆయన మెడలో. స్నానం చేయించేటప్పుడు తీసి కుళాయికి తగిలిస్తాం, నేనూ ఆ నర్సు పిల్లా."

"మీ అబ్బాయి సాయం పట్టడా?"

"కొడుకు తనను బట్టల్లేకుండా చూడకూడదట. గ్రాంట్‌ని స్నానాలగది ఛాయలకే రానివ్వడు. మెడలో తాడు ఎవరైనా ముట్టుకుంటే అర్ధనిద్రలో కూడా లేచి కూర్చుంటాడు."

నర్సు మారివిక్ నడవలో నిలబడి సంచి సర్దుతోంది. సర్దిందే మళ్ళీ సర్దుతోంది.

"నాకు ఇబ్బందిగా ఉంటే శుక్రవారం వేరేవాళ్ళని పంపుతామన్నారు మేడమ్," అంది. "అవసరం లేదన్నాను. ఆయన జోకులకు నేనే నవ్వుతాను, కొత్తవాళ్ళకి ఆయన మాట అర్థం కాదు. ఇప్పుడు నా లైసెన్సు పోతుందా?"

"మీరు పెట్టె ముట్టుకున్నారా?"

"ఒక్కసారి. బీరువా మీద దుమ్ము తుడిచాను. అంతే, ఒట్టు."

ఎరల్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు రెండు చేతుల్తో రెండు పాలక్యాన్లు ఎత్తిన మనిషి, దుప్పటి కింద కర్రల కట్టలా ఉన్నాడు. మాట నాలుక మీద ముద్దగా తిరిగి బయటికొస్తోంది. డెస్‌ని చూసి, "ట్యాంకరు... ఎక్కడ పెట్టావ్?" అన్నాడు.

"రిటైరయ్యాను ఎరల్."

"నేనూ... అదే... చూస్తున్నా."

నెరిడా పెట్టెను బల్ల మీద పెట్టింది. "ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"పట్టుకోవడం... నీ పని."

"ఇది వచ్చిన రోజు గుర్తుందా?"

"మూత తీస్తే... కీచుమంది. మోయా... పాటలాగా."

"విన్నాను!" అంది మోయా వంటింట్లోంచి.

నెరిడా తాళం తీసి మూత ఎత్తింది. చప్పుడు లేదు. మూసి మళ్ళీ ఎత్తింది. మూడోసారి కూడా చప్పుడు లేదు. పెట్టెను వెనక్కి తిప్పి, మూత తిరిగే బందు అవతలి కొసను గోటితో గీసింది. గోటికి వడ్లగింజంత తెల్లటి జిడ్డు అంటింది. దాన్ని కాగితానికి రాసి మడిచి జేబులో పెట్టుకుంది. డెస్‌కి ఏదో అర్థమయ్యీ కానట్టయింది. అడిగితే చెప్పదు. అందుకే ఆవిడంటే అతనికి గౌరవం, కోపం కూడా.

"మందు దొరికితే, శుక్రవారం మనసు మారే అవకాశం ఉందా?" అని అడిగింది.

"మారితే... నేనే మార్చుకుంటా," అన్నాడు ఎరల్. "ఇంకొకడు... మార్చకూడదు."

* * *

గ్రాంట్ పాలు పితికే షెడ్డులో ఉన్నాడు. నలభై రెండేళ్ళు, తండ్రి ఒడ్డూ పొడుగూ. యంత్రం విప్పి ముందేసుకున్నాడు. కడ్డీ లాగడం, తుడవడం, పక్కనున్న డబ్బాలోంచి వేలితో తెల్లటి గ్రీజు తీసి రాయడం, మళ్ళీ దించడం, ఇవన్నీ చూడకుండానే చేస్తున్నాడు.

"నాన్న ఇష్టం నాన్నది," అన్నాడు. "నేను ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. అమ్మని అడగండి."

"ఎవరు చేసి ఉంటారు?"

"నాకేం తెలుసు? బీరువా మీద పెట్టారు, ఇంట్లో అందరూ తిరుగుతారు. ఏయ్, పో అవతలకి!" అని గేటు దగ్గరికి చేరిన ఆవుని అదిలించాడు. దాని వెనక కాలికి ఎర్ర టేపు చుట్టి ఉంది. "ఇంజెక్షన్ పడిన ఆవు. దీని పాలు ట్యాంకులో కలిస్తే మొత్తం పారబొయ్యాలి. డెస్‌కి తెలుసు."

"తెలియకేం," అన్నాడు డెస్. "ఎర్ర టేపు మర్చిపోయిన రైతుని కంపెనీ వాళ్ళు జన్మంతా గుర్తుపెట్టుకుంటారు."

"ఈ ఏడు ఈనికలన్నీ నేనొక్కణ్ణే చూశాను. నూట తొంభై. ఒక్క దూడ పోలేదు." గ్రాంట్ కడ్డీని మళ్ళీ తుడిచాడు. "నాన్న మీతో నా గురించి ఏమైనా అన్నాడా?"

"లేదు," అంది నెరిడా.

* * *

మూడు గంటలకు పాలు పితకాలి. సరిగ్గా ఆ వేళకే నెరిడా అందరినీ ఎరల్ కుర్చీ చుట్టూ చేర్చింది. మోయా, గ్లెనిస్, మారివిక్ కూర్చున్నారు. గ్రాంట్ రబ్బరు బూట్లతో తలుపు దగ్గరే నిలబడ్డాడు. పొదుగులు నిండిన ఆవులు గేటు దగ్గర గొంతులు చించుకుంటున్నాయి.

"తొందరగా కానివ్వండి. వాటికి నొప్పి," అన్నాడు.

"ఇక్కడ ఇంకొకాయనకీ ఉంది," అంది నెరిడా. "ఈ పెట్టె వచ్చిన రోజు మూత కీచుమంది. ఈ రోజు అనడంలేదు. ఎవరో గ్రీజు పెట్టారు. పైన పూస్తే లోపలికి దిగదు. బందులోని కడ్డీ అవతలి కొసన కూడా జిడ్డుంది. అంటే కడ్డీని బయటికి లాగి, నిండా రాసి, మళ్ళీ దించారు. కడ్డీ లాగితే తాళం తియ్యకుండానే మూత వెనకవైపు నుంచి లేస్తుంది."

గ్లెనిస్ ముందుకు వంగి పెట్టె వెనకవైపు చూసింది.

"తాళంచెవి అందే మనుషులు ముగ్గురు. మోయా, మారివిక్, గ్లెనిస్. తాళంచెవి చేతిలో ఉన్నవాళ్ళు సుత్తి పట్టుకుని కడ్డీ కొట్టుకుంటూ కూర్చోరు. తాళంచెవి అందనివాడికే ఆ అవస్థ. ఆ కడ్డీని ఎవరైనా అలాగే పొడిగా దించేస్తారు. రోజుకు రెండుసార్లు యంత్రం విప్పే చెయ్యి మాత్రం గ్రీజు రాయకుండా దించలేదు. రాసినట్టు దానికే తెలీదు." జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "షెడ్డులోని డబ్బాలో ఉన్నది ఇదే గ్రీజు, గ్రాంట్."

గ్రాంట్ తల్లి వైపు చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు.

"పారబోసేశాను," అన్నాడు. "పేడ గుంటలో. ఇక లేదు. వెతక్కండి."

ఎరల్ కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి గరగరమంది. మారివిక్ లేచి వెళ్ళి అతని తల సర్దింది.

"అబద్ధం," అంది నెరిడా. "ఆ గుంటలో నీళ్ళు మీరు గడ్డికి కొడతారు, ఆ గడ్డి ఆవులు మేస్తాయి. తండ్రిని మోసం చేస్తావేమో కానీ మేతలో విషం కలపవు. అది షెడ్డులోనే ఉంది. డెస్, పశువుల మందుల అలమర చూడు. పొరపాటున కూడా ఎవరూ దూడల బకెట్‌లో కలపకుండా దాని మీద ఏం చుట్టి ఉంటాడో నీకు నేను చెప్పక్కర్లేదు."

డెస్ వానలో పరిగెత్తాడు. నడుము కలుక్కుమంది. అలమర పై అరలో, ఇంజెక్షన్ సీసాల వెనక, జాము సీసా ఒకటి కనిపించింది. దానికి ఎర్ర టేపు మూడు చుట్లు చుట్టి ఉంది. దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టాడు. గ్లెనిస్ ఫార్మసీకి ఫోను చెయ్యడానికి బయటికి వెళ్ళింది, ఏడుస్తూనే.

ముందు లేచింది మోయా.

"నేను ఆయన్తో పోట్లాడాను," అంది కొడుకుతో. "వద్దన్నాను, ఏడ్చాను, ఫాదర్‌ని కూడా పిలిపించాను. ఆయన వినలేదు. అది ఆయనకీ నాకూ మధ్య. నువ్వు 'నీ ఇష్టం నాన్నా' అని తలూపి, మంచివాడివనిపించుకుని, వెనక నుంచి దోచావు. మీ నాన్నకి దూడపాలు పోద్దామనుకున్నావురా?"

"తాగినా ఏం కాకపోతే, ఇక మానేస్తాడనుకున్నాను." గ్రాంట్ తండ్రి వైపు తిరిగాడు. "ఇరవై ఆరేళ్ళు ఆ షెడ్డులో నీ పక్కన పనిచేశాను నాన్నా. బాగా చేశావురా అని ఒక్కసారి అనలేదు. ఈసారి అంతా నేనే చేశాను. ఒక్క దూడ పోలేదు. ఏదైనా అంటావని చూశాను. శుక్రవారం దాటితే ఇంకెప్పుడు అంటావు?"

ఆవులు గేటుని ఒత్తుతున్నాయి. గొలుసు గలగలమంటోంది. ఎరల్ చాలాసేపు నోరు కూడదీసుకున్నాడు.

"అడిగి ఉంటే... చెప్పేవాణ్ణి," అన్నాడు. "దొంగిలించావు. ఇక... చెప్పను."

"ఎరల్, ఒక్క మాట," అంది మోయా. "నీ సొమ్మేం పోతుంది?"

ఎరల్ తల అడ్డంగా కదిపాడు. తరువాత కిటికీలోంచి గేటు దగ్గరి ఆవుల వైపు చూపించాడు. గ్రాంట్ పాలు పితకడానికి వెళ్ళిపోయాడు.

* * *

గురువారం మధ్యాహ్నం ఫార్మసీ వాళ్ళు వచ్చి జాము సీసాను తీసుకుని, మందు మార్చి ఇచ్చారు. అంతా రాసుకున్నారు. గ్రాంట్ సంగతి తరువాత చూస్తామన్నారు.

శుక్రవారం పొద్దుట డెస్ ఆఫీసులో ఏ పనీ చెయ్యలేకపోయాడు. టీ పెట్టి తాగలేదు. కిటికీ దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరిగాడు. నెరిడా ఒకే కాగితం గంటసేపు చదివింది. పదకొండున్నరకు గ్లెనిస్ ఫోను చేసింది. నెరిడా స్పీకరు నొక్కింది.

"అయిపోయింది. నిద్రపోయినట్టే. మోయా జపమాల తెచ్చుకుంది. తెచ్చుకో కానీ గట్టిగా చదవకు అన్నాడు."

"గ్రాంట్?" అన్నాడు డెస్.

"వాకిట్లోనే నిలబడ్డాడు, బూట్లు విప్పి. ఎరల్‌కి నడుము నిలవదుగా, వాలితే మింగలేడు. మారివిక్ ముందుకొస్తే వద్దన్నాడు. గ్రాంట్‌ని పిలిచి వీపు పట్టుకోమన్నాడు. చివరిదాకా వాడే పట్టుకున్నాడు. అయిపోయాక కూడా వదలలేదు, మేమే విడిపించాం."

"బాగా చేశావురా అన్నాడా?"

ఫోనులో తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"లేదు," అంది గ్లెనిస్.