దీపాల వేళకి జీపు

"మా జీపుకు టైర్లు మార్చినాయన ఎవరండీ ఇక్కడ?"

వర్క్‌షాపు గుమ్మంలో గొడుగు మూసీ మూయకుండా నిలబడి ఒకమ్మాయి అలా అడిగేసరికి, లేత్ మిషను దగ్గరున్న వెంకటస్వామి గుండె పొంగిపోయింది. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరుగా చేరి అతనికింకా ఏడాది నిండలేదు. మిలిటరీ పాత సామాన్ల వేలంలో దొరికిన పెద్ద టైర్లు తెచ్చి జియాలజీ వాళ్ల ముసలి జీపుకి తొడిగింది తనే. ఆ సంగతి క్యాంటీన్లో అడిగినవాళ్లకీ చెబుతున్నాడు, అడగనివాళ్లకీ చెబుతున్నాడు. ఇప్పుడు మెచ్చుకోవడానికి ఒక ఆడపిల్ల ఇంత వానలో నడిచి రావడమంటే మాటలా?

"నేనేనండి," అన్నాడు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "ఎట్లున్నయి? మంచిగున్నయి కదా?"

"చానా బాగుండాయి. మీ పుణ్యాన నా నల్లరాయి పోయి చెరువులో పడింది."

వెంకటస్వామికి ఏమీ అర్థం కాలేదు. ఆ అమ్మాయి మైనపు గుడ్డలో చుట్టి తెచ్చిన పటం తీసి, అతని బెంచీ మీద సామాన్లన్నీ పక్కకి నెట్టి పరిచింది.

ఆమె పేరు లలిత. ఎమ్మెస్సీ జియాలజీ ఆఖరి సంవత్సరం. అనంతపురం నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ సుబ్బరాయుడుగారి కూతురు. చౌటుప్పల్ అవతల గుట్టల్లో ఏ రాయి ఎక్కడుందో పటం గీయడం ఆమె పని. రోడ్డు మలుపులో జీపు మీటరు చూసుకుని బయల్దేరాలి, రాయి కనబడ్డ చోట ఆగి మళ్లీ మీటరు చూడాలి, ఆ దూరాన్ని పటం మీద కొలిచి చుక్క పెట్టాలి. వాళ్ల డిపార్ట్‌మెంటులో అందరూ చేసేదదే. తీరా ఆ చుక్క ఊరి చెరువు నడిబొడ్డున తేలింది. ప్రొఫెసర్ శ్రీనివాసరావుగారు పటం చూసి, "ఏమ్మా, నీ రాయికి ఈత వచ్చా?" అని క్లాసందరి ముందూ అడిగారట.

వెంకటస్వామి నవ్వకుండా ఉండాల్సింది. నవ్వాడు.

"నవ్వుతాండారా? నవ్వండి. మొన్న ఆ గుట్ట సగం ఎక్కి మీ జీపు నిలబడిపోయింది. అందరం దిగి తోసి తోసి, ఇల్లు చేరేసరికి బాగా చీకటిపడింది. ఇంక ఫీల్డూ వద్దు, గీల్డూ వద్దంటాండాడు మా నాయన. గుట్ట మీది రాళ్లు తేకపోతే, లైబ్రరీలో కూర్చుని చేసే సబ్జెక్టు ఇస్తానంటాండారు సారు. రాళ్లు చదవడానికొచ్చి నేను బీరువాల మధ్య కూర్చోవాలంట!"

ఆ చివరి మాటకి వెంకటస్వామి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పటం మీదికి వంగి చూశాడు. చూస్తూ ఉండగానే సిగ్గుతో అతని ముఖం ఎర్రబడింది.

"తప్పు నాదేనండి," అన్నాడు. "మీటరుకు లోపలి కడ్డీ ఎన్నిసార్లు తిరిగిందో తెలుస్తది గానీ, బయట చక్రమెంత ఉన్నదో తెల్వది. జీపు ఇంకా పాత చెప్పులే తొడుక్కున్ననని అనుకుంటున్నది. అది తొమ్మిది మైళ్లంటే మీరు పది మైళ్లు పోయినట్టు."

"మరి గుట్ట ఎందుకెక్కలేదు?"

"అది గూడ గందుకే. ఇరుసు లోపలి పళ్ల చక్రాలు చిన్న టైర్ల కోసం చేసినవి. పెద్ద టైరు తిప్పాలంటే వాటికి తాకతు సాలదు."

"ఈ సంగతి మార్చేటప్పుడు తెలీదా మీకు?"

"తెలుసు. అంటే... చదివిన. మార్చేటప్పుడు యాదికి రాలే."

"అయితే పాత టైర్లే వేసేయండి."

"అవేస్తే వాగుల బండలకు జీపు కడుపు తాకుతదండి. డ్రైవర్ ఎంకన్న రోజూ మొత్తుకుంటుండె. పెద్ద టైర్లే ఉండాలె. లోపలి పళ్లు మారాలె."

"మార్చండి మరి," అని పటం చుట్టేసి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక కూడా వెంకటస్వామి చాలాసేపు గుమ్మం వైపే చూశాడు. అక్కడ వాన తప్ప ఏమీ లేదు.

*

ఆదివారం పొద్దున తార్నాకలో ప్రొఫెసరుగారి ఇంటి ముందు జీపు ఆగి ఉంది. వెంకటస్వామి టైరు మీద సుద్దముక్కతో ఒక గీత, దాని కిందే రోడ్డు మీద ఇంకో గీత గీశాడు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఎంత దూరం పోతుందో చూడాలి.

"టైరు మీద అంకె రాసుంది కదా, మళ్లీ ఈ కొలతలేంటికి?" అంది లలిత. వాళ్ల ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ల అవతల.

"బరువు పడితే టైరు అణుగుతది. ఉత్త జీపును కొలిస్తే మల్ల మీ రాయి చెరువులనే పడతది. ఎవరన్న ఎక్కి కూసోవాలె."

ఎంకన్న స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. లలిత ముందు సీట్లో కూర్చుంది. వెంకటస్వామి వెనక నుంచి తోశాడు. జీపు కదల్లేదు.

"బరువు ఎక్కువైందా?" అంది లలిత లోపల్నుంచి.

"మీరు కాదండి, జీపు."

"నా సంగతి నేనేమీ అడగలేదే!"

ఎంకన్న నవ్వాపుకుంటూ బ్రేకు వదిలాడు. జీపు ముందుకి పోయింది, దాన్ని తోస్తున్న వెంకటస్వామి బురదలో మోకాళ్ల మీద పడ్డాడు. లలిత పగలబడి నవ్వింది. వాన తెరిపిచ్చిందని ఎదురు డాబా మీద వడియాలు ఆరబెడుతున్న వెంకటరమణమ్మగారు ఆ దృశ్యమంతా కళ్లారా చూసింది. ఆవిడ చూసిందంటే వీధంతా చూసినట్టే.

మర్నాడు సుబ్బరాయుడుగారు స్వయంగా వర్క్‌షాపుకి వచ్చారు.

"ఏమప్పా, మా పాపను జీపులో కూర్చోబెట్టి తార్నాకంతా తోసింది నువ్వేనా?"

"తార్నాకంతా కాదు సార్. చక్రం ఒక్క చుట్టు తిరిగేంత వరకే."

సుబ్బరాయుడుగారి మీసం కొంచెం కదిలింది. కానీ ఆయన నవ్వలేదు. వెంకటస్వామి దాచకుండా చెప్పాడు. తప్పు తనది, దాని శిక్ష లలిత అనుభవిస్తోంది, సరిచేసే పూచీ తనది. ఆయన అంతా విని, "ఒకే ఒక్కసారి పంపుతా. మా ఇంట్లో దీపం పెట్టే వేళకు నా కూతురు గడపలో ఉండాల. లేకుంటే?" అన్నారు.

"లేకుంటే నేను మల్ల మీ గల్లీల కనబడ సార్."

అని ఊరుకోవచ్చు కదా, "మీ మీద ఒట్టు" అని కూడా అన్నాడు. ఆయన వెళ్లాక గానీ, ఆ గల్లీలో కనబడకుండా బతకడం ఎంత కష్టమో అతనికి తట్టలేదు.

*

రాణిగంజ్ కొట్లన్నీ గాలించి నలభై మూడు పళ్ల చక్రాలు రెండు సంపాదించాడు. పాతవాటికి ముప్పై తొమ్మిదే పళ్లు. కొత్తవి పడితే పెద్ద టైరుకి చాలినంత తాకతు వస్తుంది, మీటరు కూడా నిజం చెబుతుంది. అయితే నాలుగు చక్రాలూ కలిసి లాగాలంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఒకే లెక్క ఉండాలి. అందుకే రెండు.

వెనకది బిగించడం అయింది. ముందుది విప్పి, పాత చక్రాన్నీ కొత్త చక్రాన్నీ కిరసనాయిలుతో కడిగి బెంచీ మీద పక్కపక్కన పెట్టిన సాయంత్రం లలిత వచ్చింది. వాళ్లమ్మ అన్నపూర్ణమ్మ చేసిన ఓళిగలు, అవే బొబ్బట్లు, డబ్బాలో తెచ్చింది.

"బెల్లం, కందిపప్పు. మీ వైపు వీటినేమంటారు?"

"మేము పోలెలంటం. ఏమన్నా గానీ, ఇంకోటియ్యండి."

"పని చూసుకోండి ముందు."

పని చూసుకున్నాడు. ఆమె బెంచీ చివర కూర్చుని, అనంతపురంలో తన చిన్నప్పుడు కొండరాళ్లు ఏరి తెచ్చి పక్క కింద దాచుకుంటే వాళ్లమ్మ ఎలా తిట్టేదో చెబుతూ ఉంటే, అతను వింటూ, తింటూ, బిగిస్తూ ఆ సాయంత్రాన్ని గడిపేశాడు.

ప్రయాణానికి ముందు రోజు క్యాంపస్ రోడ్డు మీద పరీక్ష పెట్టారు. వెనక చక్రాలతో జీపు హాయిగా పరుగెత్తింది. ఎంకన్న నాలుగు చక్రాల గేరు వేశాడు. అంతే, మెడకి తాడేసిన దూడలా జీపు గింజుకుంది. టైర్లు కీచుమన్నాయి, స్టీరింగు బిగుసుకుపోయింది.

"సారూ, ముంగటిది ఒక తీరు, ఎనకటిది ఒక తీరు పోతున్నయి!" అని అరిచాడు ఎంకన్న.

వర్క్‌షాపులో ముందు ఇరుసు విప్పి వెంకటస్వామి పళ్లు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది. కొత్తది బెంచీ కింద గోనెసంచిలో తళతళలాడుతోంది.

"పాతదాన్నే కడిగి మళ్లీ పెట్టినారా?" అంది లలిత నమ్మలేనట్టు.

"ముంగటిది ఎప్పుడు బిగించిండ్రు సారూ?" అన్నాడు ఎంకన్న.

వెంకటస్వామి చూపు ఖాళీ ఓళిగల డబ్బా మీద పడింది. ఎంకన్న ఆ డబ్బానీ, లలితనీ, తన సారునీ వరసగా చూసి, "నేను చాయ్ తాగొస్త," అని బయటికి పోయాడు.

"ఇంత చదువుకుని ఇదేం పనండీ?"

"మీరు పక్కన కూసుంటే నా చెయ్యి ఏం చేస్తున్నదో నా కండ్లకు తెలుస్తలేదు లలితగారూ." గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "దాచి లాభం లేదు. మీరంటే నాకు ఇష్టం. చానా ఇష్టం."

లలిత చెవులు ఎర్రబడ్డాయి. పైట కొంగు ఒకసారి వేలికి చుట్టుకుంది, విప్పింది.

"జవాబు ఇక్కడ చెప్పను," అంది. "గుట్ట మీద చెప్తా. కావాలంటే నన్ను పైదాకా తీసుకుపోండి." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఈసారి బిగించేటప్పుడు నేను రాను. పళ్లు లెక్కపెట్టుకోండి."

*

మర్నాడు ప్రొఫెసరుగారు ముందు సీట్లో, లలితా ఆమె క్లాసు పిల్లలు ఇద్దరూ వెనక, వాళ్ల కాళ్ల దగ్గర పనిముట్ల పెట్టె మీద వెంకటస్వామి. ప్రతి మైలురాయి దగ్గరా లలిత మీటరు చూసింది. రాయి మీద అంకె, మీటరు మీద అంకె అక్కాచెల్లెళ్లలా కలిసి నడిచాయి. పటం మీద నల్లరాయి ఈసారి చెరువు దాటి పొడి నేల మీద, ఉండాల్సిన చోటే ఉంది.

వాగులో బండలు జీపు కడుపుకి తగల్లేదు. గుట్ట మొదట్లో ఎంకన్న నాలుగు చక్రాల గేరు వేశాడు. వెంకటస్వామి ఊపిరి బిగబట్టాడు. మొన్న ఆగిన చోటు వచ్చింది, పోయింది. జీపు ఎక్కడా తొట్రుపడకుండా, తాపీగా, పైదాకా ఎక్కేసింది.

ప్రొఫెసరుగారు సుత్తి పట్టుకుని రాళ్ల వైపు పోయారు. లలిత పటం మీద చుక్క పెట్టుకుంది. తల ఎత్తకుండానే, "ఓళిగలు ఇంక వర్క్‌షాపుకు తేను," అంది.

వెంకటస్వామి ముఖం వాడిపోయింది. "అంత కోపమా?"

"ఇంటికొచ్చి తినండి. అమ్మ వేడివేడిగా పెడుతుంది, నేను వడ్డిస్తా." అప్పుడు తలెత్తి అతన్ని చూసింది. "ఇంతకంటే విడమరిచి చెప్పాలంటే నాకు సిగ్గు."

గుట్ట దిగేటప్పుడు వెంకటస్వామికి జీపులో ఉన్నట్టే లేదు. అయితే ఆ ఇంటికి వెళ్లాలంటే ముందు దీపాల వేళకి వెళ్లాలి. అంతా సవ్యంగానే సాగింది. రామంతాపూర్ మలుపు దాకా.

అక్కడ వాన దంచుతోంది. ఒక బస్సు రోడ్డు దిగి బురదలో కూరుకుపోయింది. ఆడవాళ్లూ పిల్లలూ తడుస్తూ నిలబడ్డారు. వెంకటస్వామి ఆకాశం చూశాడు. అప్పటికే మసకబారుతోంది. లలిత ముఖం చూశాడు. ఆమె తాడు అందిస్తోంది.

"చూస్తారేం? కట్టండి."

జీపు ముందు నుంచి లాగింది, జనం వెనక నుంచి తోశారు. బస్సు మూలుగుతూ రోడ్డెక్కింది. గుంపులోంచి ఎవరో "లలితా!" అని పిలిచారు. చెల్లెలింటి నుంచి వస్తున్న వెంకటరమణమ్మగారు. బస్సు ముందు వెళ్లిపోయింది. బురదలో దిగబడ్డ తాడు పీకి, చుట్టుకుని, జీపు బయల్దేరేసరికి బాగా చీకటిపడింది.

తార్నాక వీధి దీపాలన్నీ వెలిగి ఉన్నాయి. ఒక్కో దీపం దాటుతుంటే వెంకటస్వామి గుండె ఒక్కో మెట్టు దిగింది. ఒట్టు వేసింది తనే. ఇంటి ముందు దిగి, తల వంచుకుని, "సార్, ఆలస్యమైంది. మాట తప్పిన. ఇంక మీ గల్లీల..." అన్నాడు.

అప్పుడు చూశాడు. వీధంతా వెలుగు. సుబ్బరాయుడుగారి ఇల్లు ఒక్కటే చీకటి. ఆయన అరుగు మీద చీకట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గుమ్మంలో అన్నపూర్ణమ్మ ఒత్తి వేసిన ప్రమిద, అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"బస్సు దిగి వెంకటరమణమ్మ అంతా చెప్పిపోయింది," అన్నారాయన. "ఎవరు ఆలస్యమప్పా? మా ఇంట్లో ఇంకా దీపమే పెట్టలేదే!"

"ఈయన పెట్టనీలేదు నాయనా," అంది అన్నపూర్ణమ్మ. "చీకట్లో అన్నం గిన్నె కనబడక రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నా."

లలిత చెప్పులు విడిచి గడప దాటింది. అప్పుడు సుబ్బరాయుడుగారు భార్య వైపు తిరిగి, "ఊఁ, ఇప్పుడు పెట్టు," అన్నారు. అగ్గిపుల్ల గీసిన వెలుగులో అందరి ముఖాలూ కనిపించాయి. వెంకటస్వామి కళ్లు తడిసి ఉన్నాయి. వాన మీదికి నెట్టేద్దామంటే అప్పటికే వెలిసింది.

"మీ అమ్మానాన్నలు యాడుంటారు?" అన్నారు సుబ్బరాయుడుగారు.

"జనగాం దగ్గర సార్."

"ఒకసారి పిలుచుకుని రా. జీపులో పిలుచుకుని రా, తొందరగా వస్తారు."