బొలోన్యాలో తడిసిన కోటు

తుపాకీ పేలింది!

ఒర్నెల్లా తల పక్కనే స్తంభం పగిలింది. ఇటుక పొడి కళ్ళల్లో పడింది.

వెనక్కి చూడలేదు. ఆగలేదు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లుగా పాస్తా పిండి వత్తుతున్న చేతులు. ఆ చేతుల్లో ఉన్న బలం మోకాళ్ళలో లేదు.

నాలుగింటికి కోర్టులో ఉండాలి. ఇంకా ఇరవై నిమిషాలే...

నెల కిందట హోటల్ యజమానిని చంపింది అక్కడి వెయిటర్ తుల్లియో కాదు. కాల్చినవాణ్ణి కిటికీలోంచి చూసింది తనొక్కతే. పేరు తెలియదు. మొహం మరిచిపోలేదు. తను వెళ్ళకపోతే ఆ కుర్రాడి బతుకు జైల్లోనే తెల్లారిపోతుంది.

మలుపు తిరిగి స్నేహితురాలు ఇవానా కొట్లో దూరింది.

ఇవానా బల్ల దగ్గర నిలబడి గజం పొడుగు కర్రతో పిండి వత్తుతోంది.

"ఏమే, దెయ్యం తరుముతోందా?"

"దెయ్యమైతే నయం. వీడి దగ్గర తుపాకీ ఉంది."

తలుపు తెరుచుకుంది.

ఎవరో యువకుడు. గుర్తింపు కార్డు చూపించాడు.

"భయపడకండమ్మా, పోలీసుని. మీకోసమే కోర్టు నుంచి నడిచొచ్చాను. పదండి, నేను దిగబెడతాను."

ఒర్నెల్లాకు ప్రాణం లేచొచ్చింది. ఒక అడుగు వేసింది...

ఆగింది.

అతని కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

బయట పొద్దుటి నుంచీ వాన. అయితే ఏం? కోర్టు నుంచి ఇక్కడి దాకా దారి పొడవునా స్తంభాల వరండాలే. ఈ బొలోన్యా ఊళ్ళో గొడుగు పట్టేది చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే.

"ఏ దారిన వచ్చావు బాబూ?"

"తిన్నగా కోర్టు నుంచే."

"ఆ దారిలో చినుకు పడదు. రోడ్డు అవతల వానలో నిలబడి నాకోసం కాపు కాశావు. ఇందాక కాల్చింది నువ్వే."

అతని నవ్వు మాయమైంది. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

ఇవానా కర్ర అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు. తుపాకీ పిండిలో పడింది.

ఇవానా దాన్ని అందుకుని అతని వైపు గురిపెట్టింది.

"నువ్వు వెళ్ళవే. పోలీసులు వచ్చేదాకా ఈ చుట్టానికి మర్యాదలు నేను చేస్తాను."

* * *

కోర్టు. నాలుగు కావడానికి ఒక్క నిమిషం.

తుల్లియో చేతులకు సంకెళ్ళు. పక్కనే అతన్ని అరెస్టు చేసిన ఇన్‌స్పెక్టర్.

జడ్జి అడిగాడు.

"కాల్చినవాణ్ణి మళ్ళీ చూస్తే గుర్తుపడతారా?"

ఒర్నెల్లా తుల్లియో వైపు చూసింది. తర్వాత అతని పక్కకు...

చూపు ఇన్‌స్పెక్టర్ మీద ఆగిపోయింది.

ఆ రోజు యూనిఫాం లేదు. మొహం మాత్రం అదే. ఆ తడిసిన కోటువాణ్ణి పంపిందెవరో ఇప్పుడు అర్థమైంది.

"గుర్తుపట్టాను," అంది. వేలు ఎత్తింది. "ఈయనే."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి మెల్లగా నడుం దగ్గరికి జారింది.

"బాగా ఆలోచించుకుని చెప్పండమ్మా."

"నెల రోజులుగా అదే పని మీద ఉన్నాను."

తుపాకీ బయటికి వచ్చింది. గొట్టం సూటిగా ఆమె గుండె వైపు...

ఒర్నెల్లా చెయ్యి దించలేదు.

ఢాం!

తుల్లియో సంకెళ్ళ చేతులతో ఇన్‌స్పెక్టర్ మోచేతిని పైకి తోసేశాడు. గుండు పైకప్పుకు తగిలింది. సున్నం రాలింది. నలుగురు కానిస్టేబుళ్ళు ఇన్‌స్పెక్టర్ మీద పడ్డారు.

ఒర్నెల్లా జుట్టు నిండా సున్నం. వేలు ఇంకా అలాగే ఉంది.

"రాసుకోండి జడ్జిగారూ. వీడే."